మాట మీది, వరస ఊరిది: జానపద ఆల్బమ్ విడుదలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊరూరా తిరిగి పాడుతూ, తన పాటలు తానే రాసుకునే గుంటూరు గాయని ఒకరు కొత్త ఆల్బమ్‌ను విడుదల చేయబోతూ కొన్ని సందేహాలు రాశారు. అదే విషయం మీద విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి వచ్చిన మరికొన్ని ప్రశ్నలను కూడా చేర్చి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: గుంటూరు, పల్నాడు, కృష్ణా జిల్లాల ఊళ్లలో తిరునాళ్లకూ సభలకూ పాడుతుంటాను. పాటలు నేనే రాసుకుంటాను. కొత్త ఆల్బమ్‌లో ఎనిమిది పాటలు ఉన్నాయి. వాటిలో మూడింటి వరస నేను కట్టింది కాదు. మిరప కోతల దగ్గరా, కలుపుతీతల దగ్గరా ఆడవాళ్లు పాడుతుంటే విని నేర్చుకుని, వాటి మీద నా మాటలు వేశాను. ఆల్బమ్ తెస్తామన్న సంస్థవారు రచన, స్వరకల్పన, గానం మూడింటికీ నా పేరే వేస్తామనీ, హక్కులన్నీ తమకు రాసివ్వమనీ అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక గాయని, గుంటూరు

జవాబు: ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఒప్పందాన్ని సంతకానికి ముందు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు గాని, ఒకసారి విడుదలై నలుగురి ఫోన్లలోకి చేరిన పాట మీద ఉన్న పేరును వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఆ మూడు పాటలకు స్వరకల్పన అన్నచోట మీ పేరు వేయనివ్వకండి. "రచన, గానం" అని మీ పేరు వేసి, వరస అన్నచోట "సంప్రదాయ వరస" అని రాసి, దాని పక్కనే అది ఏ ఊళ్లో, ఏ పని దగ్గర, ఎవరి నోట విన్నారో వారు ఒప్పుకున్న మేరకు ప్రకటించండి. ఇది ఔదార్యంతో చేసే పని కాదు, నిజాన్ని నిజంగా నమోదు చేయడం మాత్రమే. మన ప్రాంతపు పాటల సేకరణలు చాలావరకు మాటలను అచ్చువేసి వరసలను వదిలేశాయి. ఆ వరసలు ఇప్పుడు బతికున్న గొంతుల్లోనే ఉన్నాయి కాబట్టి, మీ ఆల్బమ్ అట్ట మీద రాసే ఆ ఒక్క వాక్యం ముందు ముందు పరిశోధించేవారికి దారి చూపుతుంది.

అయితే అంతకుముందు మీరు ఒక విచారణ చేయాలి. ఊరి వరస వేరు, ఒకరి వరస వేరు. పొలంలో పాడిన పాట కదా అని ప్రతిదీ అందరిదీ అనుకోకూడదు, ఎందుకంటే ఆ కూలీలలోనే సొంతంగా వరస కట్టగల మనిషి ఉండవచ్చు, ఆమె కట్టినదాన్నే మిగిలినవారు అందుకొని పాడుతుండవచ్చు. ఆ పాట ఎక్కడ నేర్చుకున్నారని వారినే అడగండి. వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు పాడేవారా అని అడగండి. నాలుగు ఊళ్ల అవతల కూడా అదే వరస వేరే మాటలతో వినిపిస్తే అది సంప్రదాయమేనని చాలావరకు నమ్మవచ్చు. ఒకవేళ దాన్ని కట్టిన మనిషి తెలిస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఆమెదే. ఆమె జీవితకాలమూ, మరణానంతరం మరో 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. చదువు రాకపోయినా, ఎక్కడా నమోదు చేయకపోయినా ఆ హక్కుకు భంగం లేదు. అప్పుడు ఆమెకు విషయం అర్థమయ్యేలా చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, స్వరకల్పన దగ్గర ఆమె పేరు వేసి, వచ్చే డబ్బులో భాగం ఇవ్వాలి. సంప్రదాయ వరసలకు మాత్రం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. వాటిని ఎవరైనా పాడుకోవచ్చు. సరిగ్గా అందువల్లనే, వాటిని ఎవరూ తమవని రాసుకోకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఈ జాగ్రత్తకు ఆచరణలో కూడా కారణం ఉంది. విడుదల సంస్థలు పాటలను యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ వంటి వ్యవస్థలలో, అంటే ఇతరుల వీడియోల్లో తమ పాట ఉంటే దానంతటదే పట్టుకునే ఏర్పాట్లలో, చేరుస్తాయి. సంప్రదాయ వరసను మీ స్వరకల్పనగా అక్కడ చేరిస్తే, రేపు అదే వరసను పక్క ఊరి అమ్మాయి ఎవరో పాడి పెట్టుకున్న వీడియో మీద హక్కు దావా పడే అవకాశం ఉంది. ఏ పొలంలో మీరు పాట నేర్చుకున్నారో ఆ పొలంలోని మనిషికే ఆ నోటీసు రావచ్చు. కాబట్టి ఆ మూడు పాటలలో మీ రచనకూ, మీ రికార్డింగుకూ మాత్రమే హక్కు కోరాలనీ, వరసకు కోరకూడదనీ ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి.

ఇక హక్కులన్నీ రాసివ్వడం గురించి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలానికి ఇస్తున్నారో కాగితంలో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికే ఇచ్చినట్టు చట్టం భావిస్తుంది. అందుకే సంస్థల కాగితాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు తప్పక కనిపిస్తాయి. ఆ రెండు మాటలనూ కొట్టివేయించి, సంవత్సరాలు స్పష్టంగా రాయించుకోవడానికి ప్రయత్నించండి. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ మీకు మరో రక్షణ ఇచ్చింది. పాట రాసినవారు, స్వరపరచినవారు, ఆ పాట వినియోగం మీద వచ్చే రాయల్టీలో హక్కులు కొన్నవారితో సమానంగా పంచుకునే హక్కును వదులుకోలేరు. వదులుకున్నట్టు సంతకం చేసినా ఆ షరతు చెల్లదు. ఆ రాయల్టీ మీ దాకా రావాలంటే మాత్రం, పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే, 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకుని, మీ పాటల వివరాలు సరిగ్గా నమోదు చేయించుకోవాలి.

కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు. పాట రాసిన క్షణం నుంచే హక్కు మీది. అయినా వివాదం వచ్చినప్పుడు నమోదు పత్రం సాక్ష్యంగా నిలుస్తుంది. సాహిత్య రచనకు 500 రూపాయలు, ధ్వని ముద్రణకు 2,000 రూపాయలు రుసుము. దరఖాస్తు ఇచ్చాక ఎవరికైనా అభ్యంతరాలు ఉంటే చెప్పుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి, విడుదల తేదీ దగ్గర పడేదాకా ఆగకండి.

ప్రశ్న: ఊళ్లు తిరిగి పాడే ఒక బృందంలో డప్పు వాయిస్తాను. ఆల్బమ్ రికార్డింగుకు రోజు లెక్కన డబ్బులిస్తామన్నారు. పాట బాగా జనంలోకి పోతే తరువాత మాకేమైనా వస్తుందా? పేరైనా వేస్తారా? మా అక్కను (పాడే ఆమెను అలాగే పిలుస్తాం) అడగాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక డప్పు కళాకారుడు, విజయవాడ

జవాబు: అడగండి తమ్ముడూ. మీరు అడుగుతున్నది చట్టం మీకు ఇచ్చినదే. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని ఒకటి ఉంది. ప్రదర్శకుడంటే ఎవరో చెబుతూ చట్టం నటులతో, గాయకులతో, వాద్యకారులతో పాటు గారడీవారినీ, పాములు ఆడించేవారినీ కూడా పేర్కొన్నది. కాబట్టి డప్పు వాయించే మీరు అందులో ఉన్నారా లేదా అన్న సందేహమే అక్కరలేదు. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకుడిగా మీ పేరు ప్రకటించమని కోరే హక్కు, మీ వాద్యాన్ని మీ ప్రతిష్ఠ దెబ్బతినేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా మీకు ఉన్నాయి. మీ ప్రదర్శనను వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీకి అర్హత ఉందని 2012 సవరణ చెబుతున్నది.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. రోజు కూలి తీసుకుని ఏ కాగితమూ లేకుండా వచ్చేస్తే, ఎవరు ఏ పాటకు వాయించారో ఏడాది తిరిగేసరికి బృందంలోనే స్పష్టంగా గుర్తుండదు. రికార్డింగు రోజునే ఒక తెల్లకాగితం మీద పాట పేరు, వాద్యం, వాయించినవారి పేరు, వంత పాడినవారి పేర్లు రాసి అందరూ సంతకాలు చేయండి. రోజు భత్యం ఎంతో, ఖర్చులు తిరిగి వచ్చాక మిగిలే ఆదాయంలో బృందానికి ఎంత భాగమో కూడా అందులోనే ఉండాలి. ఈ కాగితం సిద్ధం చేయవలసిన బాధ్యత నిజానికి ముందుండి పాడేవారిది. మీ అక్క కూడా ఈ శీర్షిక చదివితే, తమ్ముడు అడిగేదాకా ఆగకుండా తానే ఆ మాట ఎత్తాలని నా మనవి.

ప్రశ్న: మేము వేదిక మీద పాడితే జనం లేచి అడుగులేస్తారు. అవే పాటలు స్టూడియోలో రికార్డు చేయించి వింటే ప్రాణం పోయినట్టుంది. క్లిక్ (లయ తప్పకుండా చెవిలో వినిపించే టకటక శబ్దం) వేసి, ఒక్కొక్కరిని విడివిడిగా లోపలికి పిలిచి పాడించారు, వాయించారు. మొత్తం మళ్లీ చేయించాలా?
– వంత గాయకుడు, గుంటూరు

జవాబు: నాలుగు ముక్కలు వేరువేరుగా తీసి అతికితే పాట అవుతుంది గాని, మీ పాట కాకపోవచ్చు. వీధి పాటలో నడక మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు. ఎత్తుగడ నిదానంగా ఉంటుంది, రెండో చరణానికి జనం చప్పట్లు కలుపుతారు, ఆఖరి పల్లవికి వచ్చేసరికి వేగం పెరుగుతుంది. క్లిక్ లెక్కలో ఈ పెరుగుదల ఒక తప్పు. మీ పాటలో అదే ప్రాణం. పైగా ముందు పాడే గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూసి వంత అందుకుంటుంది, వంత విరిచిన చోటును చూసి డప్పు దరువు మారుస్తుంది. విడివిడిగా పిలిచినప్పుడు ఆ చూపులు ఉండవు.

బుర్రకథనే తీసుకోండి. కథకుడు తంబురా మీటుతూ, వేళ్ల అందెలు మోగిస్తూ అడుగువేస్తే, పక్కన ఇద్దరు గుమ్మెటలనే చిన్న వాద్యాలతో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతూ వంత పట్టాలి. ముగ్గురిలో ఎవరిని విడదీసినా కథ నిలబడదు. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ కళకు జాతీయస్థాయి గౌరవం తెచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన శక్తి గొంతులో ఎంత ఉందో, వంతలతో నడిపిన సంవాదంలో అంత ఉంది. మీ బృందం చేసేది బుర్రకథ కాకపోవచ్చు, కానీ కలిసి పాడే సూత్రం అదే.

కాబట్టి మొత్తం కాకపోయినా, దరువు మీద ఆధారపడిన పాటలను మళ్లీ చేయించమనే నా సలహా. అందరూ ఒకే గదిలో, ఒకరికొకరు కనబడేలా నిలబడి, పాట మొత్తం ఒకే టేకులో పాడండి. చప్పుడు లేని చోటైతే చాలు, అది ఖరీదైన స్టూడియోనే కానక్కరలేదు. సెలవు రోజున ఒక కల్యాణ మండపంలోని చిన్న హాలు, పరదాలూ దుప్పట్లూ కట్టుకుంటే సరిపోవచ్చు. గొంతుకు దగ్గరగా ఒక మైకు పెట్టండి. వంత గాయకులందరికీ కలిపి ఇంకొకటి ఉండాలి. డప్పుకు మాత్రం మైకును కొన్ని అడుగుల దూరంలో పెట్టమనండి. డప్పు దెబ్బ ఒక్కసారిగా ఎగసి పడుతుంది కనుక, దగ్గర మైకులో అది పగిలినట్టు వినిపిస్తుంది, తరువాత ఎంత మిక్సింగ్ చేసినా ఆ పగులు పోదు. రికార్డింగు స్థాయిని కూడా కొంచెం తక్కువగానే ఉంచమని చెప్పాలి.

తోలు డప్పు వాడేవారికి మరో చిక్కు ఉంటుంది. మంట మీద కాచి బిగువు తెచ్చిన చర్మం ఏసీ గదిలోకి రాగానే చల్లబడి, కాసేపటికి శ్రుతి దిగిపోతుంది. రెండు డప్పులు ఉంచుకుని, ఒకటి బయట కాచుతుండగా ఇంకొకటి లోపల వాయించడం మంచి పద్ధతి. ఫైబర్ డప్పు వాడితే ఈ బాధ ఉండదు. అయితే డప్పు వాయించే లావు కర్ర సిర్ర, సన్న పుల్ల సిటికెన పుల్ల రెండూ తోలు మీద పలికించే తేడా దాని మీద అంత స్పష్టంగా రాదు. వేదిక మీద ఫైబర్‌దే వాడినా, ఆల్బమ్‌కు తోలు డప్పునే వాడమంటాను.

నెమ్మదిగా సాగే పాటలకు, ముఖ్యంగా లాలి పాటల్లాంటివాటికి, విడివిడిగా రికార్డు చేయడం వల్ల నష్టం తక్కువ. వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచుకోవచ్చు. చివరి మిక్స్‌ను స్టూడియో స్పీకర్లలో కాకుండా ఫోన్‌లో, ఆటోలో, ట్రాక్టరు మీద పెట్టే డబ్బా స్పీకర్‌లో కూడా విని ఒప్పుకోండి, ఎందుకంటే మీ శ్రోతలు వినేది వాటిలోనే. మాట స్పష్టంగా వినిపించకపోతే డప్పు తగ్గించండి. రాసుకుని పాడేవారి ఆల్బమ్‌లో ఒక్క మాట కూడా దరువు కింద నలిగిపోకూడదు.

ప్రశ్న: సీడీలు ఇప్పుడు ఎవరు కొంటారు? నేరుగా ఆన్‌లైన్‌లో పెట్టేస్తే చాలదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆన్‌లైన్‌లో తప్పక పెట్టాలి, కానీ దాని ఆదాయాన్ని నమ్ముకుని ఖర్చు పెట్టకూడదు. స్పాటిఫై వంటి చోట 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కలోకే రాదు. పాట పెట్టేటప్పుడు ప్రతి రికార్డింగుకూ దాన్ని విడిగా గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంకేతం ఉండేలా చూసుకోండి, రచయిత, గాయకులు, వాద్యకారుల పేర్లు ఆ వివరాల్లోనే నింపించండి. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కోలా రాయడం వల్ల రాయల్టీలు విడిపోతాయి కాబట్టి, ఒకే రాతను అన్నిచోట్లా వాడాలి.

తిరిగి పాడేవారికి అసలు అమ్మకం పాట ముగిసిన వెంటనే వేదిక పక్కన జరుగుతుంది. అక్కడ సీడీ కన్నా పెన్‌డ్రైవ్ ఎక్కువ పనికొస్తుంది, దానితోపాటు పాటల సాహిత్యం అచ్చువేసిన చిన్న పుస్తకం ఇస్తే ఇంకా మంచిది. సీడీ అయినా పెన్‌డ్రైవ్ అయినా, ధ్వని ముద్రణ చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం దాని మీద ఉండాలని చట్టం చెబుతోంది.

ప్రశ్న: ఈమధ్య చాలామంది తాము కొత్తగా రాసిన పాటలను జానపదం పేరుతో విడుదల చేస్తున్నారు. రాసినవారు తెలిసిన పాట జానపదం ఎలా అవుతుంది? శ్రోతలను మభ్యపెట్టడం కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు శ్రమపడి సేకరించిన పాటలకూ, నిన్న స్టూడియోలో పుట్టిన పాటకూ ఒకే ముద్ర వేయడం సరికాదు. రాసినవారు బతికుండి, పేరు చెప్పుకుంటున్నప్పుడు "జానపద శైలిలో కొత్త పాట" అని అట్ట మీద రాయడమే పద్ధతి.

కానీ కొత్త మాటలను పాత కట్టులో పెట్టడం మాత్రం మభ్యపెట్టడం కాదు. మన సంప్రదాయం నడిచిందే అలా. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులనే జానపద కథాగాన కట్టును తన కాలపు తెలంగాణ సాయుధ పోరాటానికి వాడుకున్నారు. వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర పలుకునూ దరువునూ తన పాటలకు తెచ్చుకున్నారు. వారిద్దరి పేర్లూ మనకు తెలుసు, పాటలూ జనానివే అయ్యాయి. ఒక పాట నిలుస్తుందో లేదో విడుదల రోజున చెప్పలేం. రాసిన మనిషి పక్కన లేకుండా వేరే ఊళ్లో వేరే గొంతు దాన్ని పాడినప్పుడు, ఒక చరణం మారి, ఇంకొకటి చేరినప్పుడు అది జనంలోకి వెళ్లిందని తెలుస్తుంది. తిరిగి పాడేవారికి అది చూసే అవకాశం ఇతరుల కన్నా ఎక్కువ. అందుకే, ఊళ్లలో పాడి చూసి, జనం తిరిగి అడిగిన పాటలనే ఆల్బమ్‌కు ఎంచుకున్నవారిని నేను ఎక్కువ నమ్ముతాను. మీరు అభ్యంతరం చెప్పవలసింది, రాసినవారి పేరునో, వరస వచ్చిన ఊరి పేరునో దాచిపెట్టిన ఆల్బమ్‌లకు.

ప్రశ్న: విడుదల సభ విజయవాడలో పెట్టాలా, గుంటూరులో పెట్టాలా, లేక కోటప్పకొండ తిరునాళ్లలో విడుదల చేస్తే ఎక్కువమందికి చేరుతుందా?
– మొదటి ప్రశ్న అడిగిన గాయని, గుంటూరు

జవాబు: శివరాత్రికి కోటప్పకొండకు వచ్చే జనం ఎంతైనా, ఊళ్ల నుంచి తెచ్చి నిలబెట్టే ఎత్తైన ప్రభల దగ్గర మైకులు ఒకదాన్ని మించి ఒకటి మోగుతుంటాయి. అక్కడ జనం తెలిసిన పాటను కోరుకుంటారు. కొత్త పాటలోని మాటను ఆలకించే తీరిక వారికి ఉండదు. కాబట్టి తిరునాళ్లకు ముందే విడుదల చేసి, తిరునాళ్లలో అమ్మకానికి పెట్టండి.

సభకు విజయవాడ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం గాని, గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం గాని పేరున్న వేదికలు. అయితే హాలు పెద్దదై జనం పలుచగా ఉంటే బృందం ఉత్సాహం తగ్గుతుంది. మీ శ్రోతలు గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు కనుక గుంటూరునే ఎంచుకోమంటాను. విజయవాడలో ఆకాశవాణివారినీ, పత్రికలవారినీ ముందుగా కలిసి ప్రతులు అందజేయండి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం జానపద గాయకులను ఆడిషన్ ద్వారా తీసుకుంటుంది. మీరు ఇంకా ఆ ఆడిషన్‌కు వెళ్లి ఉండకపోతే ఈ సందర్భంలో దరఖాస్తు చేయండి.

హాలు సభతో పాటు, ఆ మూడు వరసలు నేర్చుకున్న ఊళ్లలో ఒకచోట సాయంత్రం ఒక ప్రదర్శన తప్పక పెట్టండి. మీకు ఆ పాటలు నేర్పినవారిని ముందు వరుసలో కూర్చోబెట్టి, మొదటి ప్రతులు వారికే ఇవ్వండి, వారు పాడతామంటే వారి మాటలతో వారి పాటను ముందు పాడించి, తరువాత మీ పాట ఎత్తుకోండి. మిరప కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లో వారు చీకటి పడ్డాకే ఇళ్లకు చేరతారు కాబట్టి ఏడు గంటలకు ముందు మొదలుపెట్టకండి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లను రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పోలీసు అనుమతి వారం ముందే తీసుకుని, దాని ప్రతి ఒకటి సౌండు పెట్టేవారి దగ్గర ఉంచండి.